నష్టాన్ని ఒప్పుకోలేని మనసు

షేర్ల బజారులో చేతులు కాల్చుకున్నవారిలో చాలామందిని ఓడించింది అజ్ఞానం కాదు, అలవాటు. ఆ అలవాటును జయించే ఉపాయాలు లేకపోలేదు.

బోస్టన్ నగరంలో ఒక బ్రోకరు కార్యాలయంలో నల్లబల్లపై ధరలు రాసే కుర్రవాడిగా జీవితం ప్రారంభించిన జెస్సీ లివర్‌మోర్, 1907 నాటి అమెరికా ఆర్థిక సంక్షోభంలో ముప్పైయేళ్ల వయసుకే అపార ధనం ఆర్జించాడు. అయితే ఆ ఐశ్వర్యం ఎంతోకాలం నిలవలేదు. అతని అనుభవాల ఆధారంగా ఎడ్విన్ లెఫెవ్రే 1923లో వెలువరించిన గ్రంథంలో అందుకు కారణం కనిపిస్తుంది. కథానాయకుడు గోధుమలు, పత్తి కొని ఉంచాడు. గోధుమలు లాభం చూపుతున్నాయి. పత్తి నష్టం చూపుతున్నది. అతడు గోధుమలను అమ్మివేశాడు. పత్తిని అట్టిపెట్టుకోవడమే గాక, ధర పడినకొద్దీ మరింత కొన్నాడు. ఆ తరువాత గోధుమల ధర పెరిగింది. పత్తి అతడిని నిలువునా ముంచింది.

అలా చేయరాదని అతనికి ముందే తెలుసు. అయినా చేశాడు. ఈనాటి మదుపరులు చేస్తున్నదీ అదే.

“అమ్మితేనే కదా నష్టం!”

ఒక ఉద్యోగి 500 రూపాయల చొప్పున కొన్న షేరు 400కు పడిపోయిందనుకుందాం. “అమ్మితేనే కదా నష్టం! కొన్న ధర వచ్చాక వదిలించుకుందాం” అని అతడు తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. అదే షేరు 550కి చేరితే, చేతికందిన లాభం జారిపోతుందేమోనని మరునాడే అమ్మివేస్తాడు. లాభం వద్ద తొందర, నష్టం వద్ద ఓర్పు: ఉండవలసిన దానికి ఇది సరిగ్గా తలక్రిందులు.

ఈ ప్రవృత్తికి మూలమేమిటో డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో వివరించారు. వెయ్యి రూపాయలు లభించిన సంతోషం కంటే, వెయ్యి రూపాయలు పోయిన బాధ మనసుకు ఎంతో ఎక్కువ. అది దాదాపు రెండింతలని వారి తరువాతి పరిశీలనల్లో తేలింది. ఆ బాధను తప్పించుకోవడానికి మనిషి మరింత పెద్ద ప్రమాదానికైనా సిద్ధపడతాడు. ఈ కృషికి కానెమన్ 2002లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

దీని ఖరీదెంతో టెరెన్స్ ఓడీన్ అనే ఆచార్యుడు లెక్కగట్టాడు. అమెరికాలోని పదివేల ఖాతాలను పరిశీలించి అతడు 1998లో ప్రకటించిన ఫలితం ఇది: మదుపరులు లాభానికి అమ్మివేసిన షేర్లు, నష్టంలో అట్టిపెట్టుకున్న షేర్ల కంటే, ఆ తరువాతి ఏడాదిలో సగటున 3.4 శాతం అధిక ఫలితాన్నిచ్చాయి.

పోగొట్టుకున్న చోటే వెతకడం

నష్టం వచ్చిన రోజున రెండవ శత్రువు ప్రవేశిస్తుంది. “పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి” అన్న పట్టుదలతో, పోయినది సాయంత్రంలోగా రాబట్టాలని మదుపరి రెట్టింపు సొమ్ము ఒడ్డుతాడు. ఇక్కడ అంకగణితం కూడా అతనికి ఎదురు తిరుగుతుంది. లక్ష రూపాయల్లో పదివేలు పోతే, మిగిలిన తొంభైవేల మీద 11 శాతం లాభంతో కోలుకోవచ్చు. యాభైవేలు పోతే మాత్రం మిగిలినదాని మీద నూటికి నూరు శాతం సంపాదించాలి.

మన దేశపు లెక్కలు మరింత కలవరపరుస్తాయి. సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరాలు చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. వారందరూ పోగొట్టుకున్న మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. వరుసగా నష్టపోయినప్పటికీ, వారిలో నూటికి 75 మందికి పైగా బేరాలు మానలేదు.

ముందే రాసుకున్న మాట

ఆవేశంలో ఉన్న మనసును తర్కంతో అదుపు చేయడం దుస్సాధ్యం. కనుక నిర్ణయం ప్రశాంతంగా ఉన్నప్పుడే జరగాలి. షేరు కొనేముందు ఒక పుస్తకంలో మూడు విషయాలు రాసుకోవాలి: ఎందుకు కొంటున్నారు, ఏమి జరిగితే అమ్మివేస్తారు, ఎంత నష్టానికి సిద్ధపడుతున్నారు. ఏ ఒక్క బేరంలోనూ మొత్తం పెట్టుబడిలో ఒకటి రెండు శాతానికి మించి పోగొట్టుకోరాదన్న నియమాన్ని అనుభవజ్ఞులు పాటిస్తారు. అమ్మకపు ధరను బ్రోకరు వద్ద ముందే నమోదు చేసే స్టాప్‌లాస్ సౌకర్యం ఇందుకు తోడ్పడుతుంది. ధర ఒక్కసారిగా కుప్పకూలినప్పుడు అదీ పూర్తి రక్షణ కాదు.

నష్టంలో ఉన్న షేరును చూచినప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: “ఈ షేరు నా దగ్గర లేకుండా, చేతిలో ఈ 400 రూపాయలే ఉంటే, నేడు దీనినే కొంటానా?” జవాబు కాదన్నదైతే, దానిని అట్టిపెట్టుకోవడానికి కొన్న ధర తప్ప వేరే కారణం లేదన్నమాట. ఆ ధర ఎంతో మార్కెట్టుకు తెలియదు, అక్కరా లేదు.

అంతమాత్రాన ధర పడగానే బెదిరి అమ్మివేయాలని కాదు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పడి 25,981 వద్ద ముగిసింది. ఆ ఏడాది చివరికి అది 47,000 దాటింది. పరీక్షించవలసినది ధరను కాదు, పుస్తకంలో రాసుకున్న కారణాన్ని. అది నిలిచి ఉంటే ఓర్పు వహించవచ్చు. అది చెడితే ఏ ధరకైనా వదులుకోవలసిందే. ఇక పెద్ద నష్టం వచ్చిన రోజున మరి బేరమాడకుండా లేచిపోవడం అన్నింటికన్నా చవకైన మందు.

1929 నాటి పతనంలో లివర్‌మోర్ సుమారు పది కోట్ల డాలర్లు గడించాడని ప్రతీతి. 1934 నాటికి దివాలా తీశాడు. 1940లో షేర్ల వ్యాపారపు నియమాలను వివరిస్తూ స్వయంగా ఒక పుస్తకం ప్రచురించాడు. ఆ ఏడాదే తన ప్రాణం తానే తీసుకున్నాడు. నియమాలు అంతగా తెలిసిన మనిషికే మనసు లొంగలేదు. అందుకే సామాన్య మదుపరి తన మనోబలాన్ని నమ్ముకోవడం కంటే, నిన్న నిమ్మళంగా కూర్చుని రాసుకున్న ఆ మూడు పంక్తులను నమ్ముకోవడం మేలు.