తీగ కోసం ఫ్యూజు, మనిషి కోసం ఆర్‌సీసీబీ

పొన్నూరు చుట్టుపక్కల రైసు మిల్లుల నుంచి, ఇంకాస్త పైకి వెళ్తే పత్తి జిన్నింగు మిల్లుల నుంచి, కారం మిల్లుల నుంచి ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవడానికి నా దగ్గరికి కుర్రాళ్ళు వస్తుంటారు. ఫ్యూజు పాఠం నడుస్తుంటే వాళ్ళలో ఒకడు లేచి అడిగాడు. “సార్, మా మిల్లులో ఫ్యూజులున్నాయి. ఎర్తు గుంత కూడా తీయించారు. అయినా పాలిషరు మోటారు మీద చెయ్యి వేస్తే మా బాబాయిని కరెంటు పట్టేసింది. ఎవరో పరుగెత్తి మెయిన్ ఆపేదాకా వదల్లేదు. మరి ఫ్యూజు ఎందుకు పోలేదు?”

ఆ కుర్రాడికి బోర్డు మీద ఒక భాగహారం చేసి చూపించాను. చెమట పట్టిన చేతులు, చెప్పుల్లేని కాళ్ళు, తడిసిన గచ్చు. అలాంటప్పుడు చేతినుంచి పాదం దాకా ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు. 230 వోల్టుల్ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు. మన పాత 60 వాట్ల బల్బు తీసుకునేది కూడా ఇంచుమించు అంతే. అంటే 16 ఆంపియర్ల ఫ్యూజు లెక్కలో, కరెంటు పట్టుకుని గిలగిల కొట్టుకుంటున్న మనిషి వెలుగుతున్న ఒక బల్బు. బల్బు వేస్తే ఫ్యూజు పోతుందా? ఎర్రగా కాలిపోబోయే తీగను కాపాడటానికి పుట్టిన వస్తువది. మనిషి సంగతి దానికి ఎవరూ అప్పగించలేదు.

మరి ఎర్తు గుంత? ఉప్పు, బొగ్గు వేసి, పైపు దించి, నీళ్ళు పోసి మూత పెడతాం. మన నల్లరేగడి నేల తడిగా ఉన్నంతకాలం కరెంటుని చక్కగా లోపలికి తీసుకుంటుంది. ఎండలు ముదిరితే అదే నేల నెర్రెలిస్తుంది, మన్ను పైపుని వదిలి పక్కకి జరుగుతుంది. గుంతలో నీళ్ళు పోయడం ఎవరికీ గుర్తుండదు. నిరోధం 20 ఓములకి చేరిందనుకుందాం. మోటారు లోపల ఇన్సులేషను దెబ్బతిని ఫేజు ఇనప ఒంటికి తగిలింది. గుంతలోకి పోయే కరెంటు 230 బై 20, పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, బియ్యం తెల్లగా పడుతూనే ఉంటాయి. మోటారు ఒంటి మీద మాత్రం ఇంచుమించు పూర్తి వోల్టేజీ కాచుకుని ఉంటుంది. ఎవరో ఒకరు చెయ్యి వేసేదాకా ఆ సంగతి బయటపడదు.

ఈ ఖాళీని పూరించడానికి పుట్టిన యంత్రమే ఆర్‌సీసీబీ. షాపులో చాలామంది ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అడుగుతారు. ఆ పేరున్న తొలితరం పరికరం వేరు. మోటారు ఒంటికీ ఎర్తు గుంతకీ మధ్య ఒక చుట్ట పెట్టి, ఒంటి మీద వోల్టేజీ ఎక్కితే తెగేలా చేశారు దాన్ని. ఎవరైనా తెగిన తీగనే నేరుగా పట్టుకుంటే దానికి తెలిసేది కాదు.

పాతబడిన ఆర్‌సీసీబీ ఒకటి విప్పి పిల్లల ముందు బల్ల మీద పరిచాను. దాని లోపలి తెలివి చూసిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది. నడుమ బొటనవేలు దూరేంత రింగు ఒకటి, నికెల్ కలిసిన ఇనప మిశ్రమంతో చేసింది. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ రెండూ ఆ రింగులోంచే దూరి వెళ్తాయి. రింగు మీద వెంట్రుకంత సన్నని ఎనామిల్ తీగ కొన్ని చుట్లు చుట్టి ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఫేజులో వెళ్ళిన కరెంటు పనిచేసి న్యూట్రల్‌లో తిరిగి రావాలి. వెళ్ళినదెంతో వచ్చినది అంతే. రింగులో ఒకటి పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని రెండోది పూర్తిగా చెరిపేస్తుంది. 2 ఆంపియర్లు నడిచినా, 16 నడిచినా రింగుకి మాత్రం సున్నా. మూడు ఫేజుల మోటారైతే తీగలన్నీ ఒకే రింగులో దూరుస్తారు, అప్పుడూ మొత్తం సున్నాయే. కానీ వెళ్ళిన 16 ఆంపియర్లలో 15.97 మాత్రమే తిరిగొచ్చిందనుకోండి. మిగతా 0.03 ఎటు పోయింది? మనిషి ఒంట్లోంచో, తడి గోడలోంచో నేలలోకి పోయింది. ఆ 30 మిల్లీ ఆంపియర్లే రింగులో చెరగకుండా మిగిలిన అయస్కాంతత్వం. అది సన్నతీగ చుట్టలో చిన్న కరెంటుని పుట్టిస్తుంది.

ఎంత చిన్నది? చీమని కూడా కదిలించలేనంత. అంత బలహీనమైన సంకేతం దళసరి రాగి కాంటాక్టుల్ని ఎలా విడదీస్తుంది? అసలు సొగసంతా ఇక్కడుంది. సన్నతీగ వెళ్ళి అగ్గిపెట్టెలో సగమంత ఉన్న రిలేలో కలుస్తుంది. ఆ రిలేలో ఒక శాశ్వత అయస్కాంతం చిన్న ఇనప రేకుని పట్టుకుని కూర్చుని ఉంటుంది. రేకుని అవతలికి లాగడానికి ఒక స్ప్రింగు చూస్తూ ఉంటుంది. రెండింటి బలమూ దాదాపు సమానం, అయస్కాంతానిది వెంట్రుకవాసి ఎక్కువ. రింగునుంచి వచ్చిన ఆ కాస్త కరెంటు ఒక్క అరచక్రంలో అయస్కాంతం పట్టుని కొంచెం సడలిస్తుంది. అంతే, స్ప్రింగు గెలుస్తుంది. రేకు ఎగిరి గొళ్ళేన్ని తడుతుంది. గొళ్ళెం ఊడగానే పెద్ద స్ప్రింగు కాంటాక్టుల్ని ఫట్‌మని విడదీస్తుంది.

ఆ పెద్ద స్ప్రింగులోని శక్తి ఎక్కడిదని పిల్లల్ని అడిగాను. బ్యాటరీ అన్నారు, కరెంటే అన్నారు. అదేమీ కాదు. మీట పైకెత్తినప్పుడు ఎత్తినవాడి చెయ్యి పెట్టిన శక్తే అది. ఆర్నెల్ల కిందట ఎవరో వేలితో ఎక్కుపెట్టి వెళ్ళిన స్ప్రింగు ఇవాళ ఇంకొకరి ప్రాణం కోసం విడుదలవుతుంది. తెగడానికి బయటి సరఫరా అక్కర్లేదు. కారుతున్న కరెంటే తన గొళ్ళెం తానే ఊడగొట్టుకుంటుంది.

ఇక్కడ చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా పొరబడే మాట ఒకటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఒంట్లోకి 30కి మించి వెళ్ళదని అనుకుంటారు. వెళ్తుంది. ముందు వేసిన లెక్క ప్రకారం 230 మిల్లీ ఆంపియర్లూ వెళ్తాయి, షాకు గట్టిగానే కొడుతుంది. ఈ యంత్రం ఆపేది కాలాన్ని. 30 దగ్గర 300 మిల్లీ సెకన్లలోపు, 150 దగ్గరైతే 40 మిల్లీ సెకన్లలోపు తెగాలని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 12640 చెబుతోంది. గుండె ఒకసారి కొట్టుకోవడానికి సుమారు 800 మిల్లీ సెకన్లు పడుతుంది. అందులో ఒక చిన్న భాగంలో కరెంటు తగిలితేనే లయ తప్పి గుండె వణకడం మొదలెడుతుంది. 40 మిల్లీ సెకన్లంటే మన 50 హెర్ట్‌జ్ సరఫరాలో రెండే రెండు చక్రాలు. గుండె ఆ ప్రమాదపు ఘడియలో చిక్కుకునే అవకాశం అంతగా తగ్గిపోతుంది.

ఈ అంకెలు ఊరికే రాలేదు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్‌జీల్ అనే ఆచార్యుడు 134 మంది మగవాళ్ళ చేతికీ, 28 మంది ఆడవాళ్ళ చేతికీ తీగ ఇచ్చి, కరెంటు మెల్లగా పెంచుతూ, ఎక్కడిదాకా స్వయంగా వదిలించుకోగలరో కొలిచాడు. సగటున మగవాళ్ళకి 16, ఆడవాళ్ళకి పదిన్నర మిల్లీ ఆంపియర్లు. అది దాటితే ముంజేతిలో వేళ్ళు ముడిచే కండరాలు తెరిచే కండరాల్ని ఓడించేస్తాయి. పాలిషరు దగ్గర ఆ బాబాయి ఎందుకు చెయ్యి తీయలేకపోయాడో ఈ లెక్కే చెబుతుంది. ఆస్ట్రియాలో గాట్‌ఫ్రీడ్ బీగెల్‌మైయర్ ఇంకో అడుగు ముందుకేసి తన ఒంటి మీదే కరెంటు పెట్టుకుని కొలతలు తీశాడు.

నాకు మాత్రం వీళ్ళందరిలో దక్షిణాఫ్రికా ఇంజినీరు హెన్రీ రూబిన్ మీద అభిమానం. ఆయన సమస్య ప్రయోగశాలది కాదు, బంగారు గనులది. తడి, చీకటి, నలిగిన కేబుళ్ళు, వాటి మధ్య కూలీలు. అప్పటిదాకా ఇలాంటి రింగు పరికరాలు 10 ఆంపియర్లు కారితే గానీ కదిలేవి కావు. 1955లో రూబిన్ 525 వోల్టుల గని లైన్ల కోసం దాన్ని 250 మిల్లీ ఆంపియర్లకి దించాడు. యంత్రానికి అది చాలు, మనిషికి చాలదు. మరుసటి ఏడాదికే అయస్కాంత యాంప్లిఫయరు పద్ధతిలో 12.5 నుంచి 17.5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెగే నమూనా చేశాడు. ట్రాన్సిస్టర్లు వాడొచ్చా అని ఆలోచించి, అప్పటి ట్రాన్సిస్టర్లని నమ్మలేక వదిలేశాడు. స్టిల్‌ఫాంటీన్ అనే గని ఊళ్ళో ఒకావిడ ఇంట్లో కరెంటు తగిలి చనిపోయాక, 1957, 58ల్లో అక్కడి ఇళ్ళల్లో ఇలాంటివి కొన్ని వందలు బిగించారు. 1961లో డాల్‌జీల్ ట్రాన్సిస్టర్లతోనే తన పరికరం తెచ్చాడు, అమెరికా ఆ దారిన పోయింది. యూరప్‌లోనూ మన దగ్గరా స్ప్రింగు, అయస్కాంతం ఉన్న రకం ఎక్కువగా నిలిచింది. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 భద్రతా నిబంధనల్లో ఎర్త్ లీకేజీ రక్షణకి విడిగా ఒక నిబంధనే పెట్టింది.

రేగడి నేలకి ఈ యంత్రం ఎంత ఉపకారమో ఒక్క అంకెతో చెబుతాను. ఒంటికి మామూలుగా ప్రమాదం కాదనుకునే 50 వోల్టుల్ని 0.03తో భాగిస్తే సుమారు 1667 ఓములు. గుంత ఎండిపోయి నిరోధం వందల ఓములకి ఎక్కినా మోటారు ఒంటి మీద వోల్టేజీ నిలవకముందే ఇది తెగుతుంది. అలాగని గుంత పూడ్చేయకూడదు. గుంత ఉంటే మనిషి చెయ్యి వేయకముందే తెగుతుంది, లేకపోతే చెయ్యి వేశాక తెగుతుంది.

ఆర్‌సీసీబీకి తెలియని ప్రమాదం కూడా ఒకటుంది. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్ళినదంతా తిరిగొస్తుంది, రింగుకి అది మోటారో మనిషో తేడా ఉండదు. కాబట్టి మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూశాకే పెట్టె తెరవాలి. స్పీడు డ్రైవులు పెట్టిన మిల్లుల్లో రింగుని మొద్దుబార్చే డీసీ కరెంటు కారొచ్చు, అక్కడ దానికి తగిన రకం అడిగి తీసుకోవాలి. “టి” బటను అలంకారానికి పెట్టింది కాదు. నొక్కితే ఒక రెసిస్టరు రింగుకి అవతలి ఫేజునుంచి ఇవతలి న్యూట్రల్‌కి నిజంగానే కరెంటుని కారుస్తుంది. నెలకోసారి నొక్కకపోతే రేకు అయస్కాంతానికి అతుక్కుపోయి, కావలసిన రోజున కదలకపోవచ్చు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది వేరే ఉంది. బిగించిన వారానికి రెండుసార్లు పడిపోయిందనుకోండి, సీజను మధ్యలో పని ఆగుతోందని విసుక్కుని “డైరెక్ట్ చేసెయ్” అంటారు. రెండు తీగలు దాటించేసి పెట్టెని గోడకి బొమ్మలా వదిలేస్తారు. పడిపోవడానికి కారణం ఉంటుంది, అది దొరుకుతుంది. మిల్లు మొత్తానికి ఒకే 30 మిల్లీ ఆంపియర్లది పెడితే ఒక్కో మోటారు నుంచి కారే కాస్తా కాస్తా కలిసి అది పడుతుంది. విభాగానికొకటి 30ది, మెయిన్ దగ్గర కాస్త ఆలస్యంగా తెగే 300ది పెట్టాలి. పక్క లైను న్యూట్రల్‌ని అరువు తెచ్చుకున్నా, ఎక్కడో న్యూట్రల్‌నీ ఎర్తునీ కలిపేసినా పడుతుంది. వెతకడానికి మెయిన్ ఆపి, అన్ని లైన్ల ఫేజులతోపాటు న్యూట్రల్ తీగలూ విప్పండి. ఫ్యూజు బదులు వాడే మామూలు ఎంసీబీ దించినంత మాత్రాన న్యూట్రల్ తెగదు. తర్వాత ఒక్కో లైనూ మెయిన్ ఆపి కలుపుతూ, మళ్ళీ వేస్తూ రండి. ఏ లైను కలిపినప్పుడు పడిందో ఆ మోటారు టెర్మినల్ పెట్టె మూత తీసి చూడండి. రైసు మిల్లయితే తౌడు, జిన్నింగు మిల్లయితే నూగు, తేమతో ముద్దయి తీగల మొదళ్ళ దగ్గర కనిపిస్తుంది.