ఒక ప్రకటన, రెండు రసీదులు

పుప్పాలగూడ పరిసర కార్యాలయములలో ప్రోగ్రాములు వ్రాయువారికి సుపరిచితమైన చిక్కు నొకదానిని శ్రోతలకు వివరింపదలచితిమి. "సొమ్ము ముట్టినది" అని ప్రోగ్రాములోని ఒక ఆబ్జెక్టు ప్రకటించును; ఆ ప్రకటనకు ఈవెంటని పేరు. పత్రికకు చందాదారునివలె ముందుగా నమోదైన హ్యాండ్లరు, ప్రకటన వెలువడగానే రసీదు పంపును.

1998లో హైదరాబాదున అభివృద్ధి కేంద్రము నెలకొల్పిన మైక్రోసాఫ్టు వారి సీషార్పు భాషలో, ఒకే హ్యాండ్లరు రెండుమారులు నమోదైనచో రెండుమారులును పనిచేయును. రసీదులు రెండు వచ్చిన వింతయే. సొమ్ము రెండుమారులు తగ్గినచో గృహస్థునకు నష్టము. ఫోనులో ఆ పుట తెరచినప్పుడెల్ల క్రొత్తగా నమోదు చేయుటయే తరచు దీనికి మూలము.

కావున నమోదు ఒక్కచోటనే జరుగవలెను. సందేహమున్నచో ముందు తొలగించి పిమ్మట చేర్పవలెను. లేనిదానిని తొలగించినను దోషము లేదు. అయితే ఒక తొలగింపు ఒక నమోదునే రద్దుచేయును. పని ముగిసినను తొలగింపనిచో, ప్రకటించు ఆబ్జెక్టు ఉన్నంతకాలము ఆ చందాదారు మెమరీని వదలడు. చేర్చిన చేతితోనే తొలగించుట శ్రేయస్కరము.