లేని కాలు నొప్పి పెడుతుందా?

రాత్రి 2 గంటలకు మగవారి సర్జికల్ వార్డులో బెల్ మోగింది. షుగర్ జబ్బుతో కుళ్లిన కాలును మోకాలి కింద వరకు తీసేసిన ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచారు. ఆపరేషన్ అయ్యి అప్పటికి ఎనిమిది రోజులు. "సిస్టరమ్మా, బొటనవేలు మెలిపెడుతున్నట్టుంది. అరికాలు మండిపోతోంది" అన్నారు. ఆయన భార్య దుప్పటి తీసి, "కాలేదయ్యా నీకు?" అని ఏడ్చింది. కొడుకు మమ్మల్ని పక్కకు పిలిచి, "నాన్నకు మతి తప్పిందా?" అని అడిగాడు. చూడవచ్చిన బంధువు ఒకామె, "తీసేసిన కాలు సరిగ్గా పూడ్చలేదేమో" అంది.

మేము కూడా ఒకప్పుడు ఇలాంటివారికి "లేని కాలు ఎలా నొప్పి పెడుతుంది? పడుకోండి" అని చెప్పినవాళ్లమే. అది తప్పని తరువాత తెలుసుకున్నాం.

ఆ నొప్పి నిజమైనదే. అది పిచ్చి కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకు వైద్యం చేసిన డాక్టర్ సైలాస్ వీర్ మిచెల్ 1871లో దీనికి 'ఫాంటమ్ లింబ్' అని పేరు పెట్టారు. కాలో చెయ్యో పోగొట్టుకున్నవారిలో చాలామందికి ఆ అవయవం ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. వారిలో అనేకులకు నొప్పి కూడా ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుంది?

చర్మం, కన్ను, చెవి కబురు మాత్రమే పంపుతాయి. ఆ కబురు ఏమిటో, ఎక్కడి నుండి వచ్చిందో తేల్చేది మెదడు. మా వార్డు బెల్ బోర్డునే తీసుకోండి. 7వ నంబరు మంచం తీసేసినా వైరు గోడలోనే ఉంటుంది. ఆ వైరు ఎక్కడ తగిలినా బోర్డు మీద 7వ లైటే వెలుగుతుంది. అలాగే కోసిన నరాల చివరల నుండి కబురు వెళ్తే, మెదడు దానిని "బొటనవేలు" అని చదువుకుంటుంది.

కెనడాకు చెందిన డాక్టర్ విల్డర్ పెన్‌ఫీల్డ్ 1930లలో, మెలకువగా ఉన్న రోగుల మెదడు మీద కొద్దిపాటి విద్యుత్తు తాకించి చూశారు. ఒకచోట తాకిస్తే చేతిలో, ఇంకోచోట తాకిస్తే పెదవిలో స్పర్శ తెలిసింది. అంటే మన ఒంటి పటం మెదడులో ఉంది. కాలు తీసేసినా ఆ పటంలో కాలి చోటు చెరిగిపోదు.

అద్దంతో వైద్యం

చెన్నైలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక సులువైన ఉపాయం కనిపెట్టారు. రెండు కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టి, మంచి కాలి నీడను అందులో చూస్తూ ఆ కాలిని మెల్లగా కదపాలి. పోయిన కాలే కదులుతున్నట్టు మెదడుకు తోస్తుంది. 2007లో ప్రచురించిన ఒక అమెరికన్ పరిశీలనలో, కాలు పోయినవారు రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు వారాలు ఇలా చేశారు. అద్దం చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. అది చిన్న పరిశీలన. అందరికీ ఒకేలా పనిచేస్తుందని చెప్పలేం. కొందరికి మొదట్లో తల తిరుగుతుంది, దుఃఖం వస్తుంది. అందుకే ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మొదలుపెట్టాలి.

ఇంట్లోవారికి మా మనవి

- "కాలు లేదు కదా" అని వాదించకండి. ఎక్కడ, ఎలా ఉందో అడగండి.
- కాలు ఉందనుకుని నిద్రమత్తులో లేచి నడవబోయి పడిపోతారు. రాత్రి చిన్న లైటు వేసి ఉంచండి. కర్ర చేతికందేలా పెట్టండి.
- కోసిన చోట వాతలు పెట్టకండి, పసర్లు పూయకండి.
- అక్కడ ఎర్రబడినా, వాచినా, చీము కారినా వెంటనే చూపించండి. అది వేరే సమస్య.
- నరాల నొప్పికి మందులున్నాయి. డాక్టరు రాసినవే వాడండి.

ఇంకొక మాట. షుగర్ ఉన్నవారికి దీనికి తలకిందులుగా జరుగుతుంది. కాలు ఉంటుంది, వైరు దెబ్బతింటుంది. మేకు దిగినా బెల్ మోగదు. ఆ పెద్దాయన కాలు పోయింది కూడా నొప్పి తెలియని చిన్న పుండు వల్లే. నొప్పి లేదని నిశ్చింతగా ఉండకండి. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు కళ్లతో చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవారిని చూడమనండి.

పెద్దాయన మూడు వారాలు అద్దం ముందు కూర్చున్నారు. నొప్పి పూర్తిగా పోలేదు గాని రాత్రిళ్లు నిద్ర పడుతోంది. ఆయన భార్య ఇప్పుడు "కాలేది?" అనడం లేదు. "ఏ వేలు?" అని అడుగుతోంది. ఆ ఒక్క మాటతోనే సగం బరువు దిగినట్టుంటుందని ఆయన మాతో అన్నారు.