లైనక్స్ వేశాం.. వైఫై మాయం!

‘అన్నా, వైఫై గుర్తే కనపడట్లేదు!’

రాత్రి పదకొండింటికి మా బాబాయి కొడుకు అన్న మాట ఇది. పొద్దున పదింటికి వాడికి ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ, అదీ ఆన్‌లైన్‌లో. వాడి ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ వేసింది నేనే. ఇంట్లో అందరూ ఎవరి వంక చూశారో చెప్పక్కర్లేదు కదా!

అసలు కథ విండోస్ 10తో మొదలైంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. మావాడిది సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, ఇంటెల్ 7వ తరం ప్రాసెసర్. విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. కొత్తది కొనమని బాబాయిని అడిగే పరిస్థితి లేదు. ‘లైనక్స్ వేసుకోరా, రాకెట్‌లా పోతుంది’ అని గొప్పగా చెప్పా. నిజంగానే వేగం పెరిగింది. ఇంటర్నెట్ ఒక్కటే రాలేదు.

ఆ ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు ఎప్పుడో పోయింది. గోరంత యూఎస్‌బీ డాంగిల్‌తో నెట్టుకొస్తున్నాడు. లైనక్స్‌లో దాన్ని పెడితే వైఫైలా కాదు, సీడీలా కనిపించింది! తెరిస్తే లోపల విండోస్ సెటప్ ఫైల్. డ్రైవర్‌ను డాంగిల్‌లోనే దాచి అమ్ముతారన్నమాట. ‘ఎజెక్ట్’ నొక్కితే సీడీ వేషం తీసేసింది గానీ, ఆ చిప్‌కు డ్రైవర్ మా కెర్నల్‌లో లేదు. గిట్‌హబ్‌లో ఎవరో పుణ్యాత్ముడు కోడ్ పెట్టాడు. దాన్ని దించుకోవాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే దాన్ని దించుకోవాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అంటే ఇదే.

మరి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ లైనక్స్ కెర్నలే. అందులో ఈ గోల ఎందుకు ఉండదు? ఫోన్ కంపెనీ తాను వాడిన చిప్‌కు డ్రైవర్ సిద్ధం చేసుకున్నాకే ఫోన్ అమ్ముతుంది. డెస్క్‌టాప్ లైనక్స్‌కు అలా పూచీ పడేవాళ్లు తక్కువ. చిప్ వివరాలు కంపెనీ బయటపెట్టకపోతే, అది ఎలా పనిచేస్తుందో వాలంటీర్లే తవ్వి తీసి కోడ్ రాయాలి. బ్రాడ్‌కామ్ చిప్‌ల కోసం ‘బీ43’ డ్రైవర్ అలాగే పుట్టింది. విండోస్ డ్రైవర్‌నే తెచ్చి లైనక్స్‌లో నడిపించే ‘ఎన్‌డీఐఎస్‌ర్యాపర్’ అనే విచిత్రం కూడా ఉండేది. 2008లో ఎథెరోస్, 2010లో బ్రాడ్‌కామ్ తమ కొన్ని చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్లు ఇచ్చాక కాస్త ఊపిరాడింది. ఇంటెల్ తన వైఫై డ్రైవర్లను నేరుగా కెర్నల్‌లోకే పంపుతుంది. అందుకే ఇంటెల్ కార్డున్న ల్యాప్‌టాప్‌లతో ఈ తలనొప్పి తక్కువ.

డ్రైవర్ ఉన్నా ఇంకో చిక్కుంది. చాలా చిప్‌లకు ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా కావాలి. దాని సోర్స్ కోడ్ కంపెనీలు ఇవ్వవు. సోర్స్ లేనిది మా ఇన్‌స్టాలర్‌లో పెట్టం అని డెబియన్ వాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి కలిపారు. సూత్రం గొప్పదే, కాదనను. కానీ అర్ధరాత్రి, పక్కన ఇంటర్వ్యూ ఉన్న కుర్రాడు బిక్కమొహం వేసుకుని కూర్చుంటే సూత్రాలు గుర్తురావు.

చివరికి కాపాడింది ఫోనే. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాం. డ్రైవర్ గొడవ లేకుండా నెట్ వచ్చేసింది. ఫోన్ ఇంటి వైఫైలోనే ఉంది కాబట్టి మొబైల్ డేటా కూడా ఖర్చు కాలేదు. ఆ నెట్‌తో కోడ్ దించి డ్రైవర్ తయారుచేస్తే, ఈసారి సెక్యూర్ బూట్ అడ్డుపడింది. సంతకం లేని మాడ్యూల్‌ను లోపలికి రానివ్వనంది. ఒంటిగంటన్నరకి ‘పడుకోరా’ అని ల్యాప్‌టాప్ మూసేశా. కేబుల్‌తోనే ఇంటర్వ్యూ అయింది.

తప్పు నాదే. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి, వైఫై వస్తోందో లేదో చూసుకోవచ్చు. తెలిసీ తొందరలో వదిలేశా. మీరు డాంగిల్ కొంటుంటే బాక్స్ మీది మోడల్ పేరు కాదు, లోపలి చిప్ పేరు వెతకండి. ఒకే మోడల్‌లో వెర్షన్ మారితే చిప్ కూడా మారిపోతుంటుంది.

డ్రైవర్‌ను మర్నాడు తీరిగ్గా ఎక్కించా. కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టుకునేలా డీకేఎంఎస్ కూడా పెట్టా. అదీ ఒక్కోసారి కొత్త కెర్నల్‌తో పేచీ పెడుతుంది.

నిన్న రాత్రి మావాడి మెసేజ్: ‘అన్నా, కెర్నల్ అప్‌డేట్ వచ్చిందట. నొక్కనా?’

‘ఆగు. కేబుల్ పక్కనే ఉందా?’ అని అడిగా.