హిట్లు వేరు, బలం వేరు: బేస్‌బాల్‌లో ఓ తీసివేత లెక్క

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఇద్దరు బ్యాటర్ల లెక్కలు చూద్దాం. సియాటిల్ మారినర్స్ ఆటగాడు ఇచిరో సుజుకి 2004లో 262 హిట్లు సాధించాడు. ఒక సీజన్‌లో అంతకన్నా ఎక్కువ హిట్లు నేటికీ ఎవరికీ లేవు. 2021లో జోయీ గాలో సాధించినవి 99 మాత్రమే. అయినా, భారీ షాట్లకు కొలతగా చాలాకాలం చూసిన ‘స్లగ్గింగ్ శాతం’ ఇద్దరికీ దాదాపు ఒక్కటే. సుజుకిది 0.455, గాలోది 0.458. మరి ఇద్దరి బలం సమానమేనా?

ముందు ఆ అంకె ఎలా వస్తుందో చూద్దాం. బేస్‌బాల్‌లో బ్యాటర్ బంతిని కొట్టి నాలుగు బేస్‌ల చుట్టూ పరుగెత్తాలి. మొదటి బేస్ చేరితే సింగిల్, రెండోది చేరితే డబుల్, మూడోది చేరితే ట్రిపుల్. నాలుగూ చుట్టి వస్తే హోమ్ రన్. సాధారణంగా బంతి మన సిక్సర్‌లా నేరుగా కంచె దాటితేనే అది సాధ్యం.

హిట్ల సంఖ్యను ‘ఎట్-బ్యాట్’ల సంఖ్యతో, అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాల సంఖ్యతో భాగిస్తే బ్యాటింగ్ సగటు వస్తుంది. క్రికెట్ సగటుకూ దీనికీ పోలిక లేదు. హిట్ల బదులు వాటితో వచ్చిన మొత్తం బేస్‌లను భాగిస్తే వచ్చేది స్లగ్గింగ్ శాతం. పేరులో శాతం ఉన్నా, నిజానికి అది ఒక్కో అవకాశానికి వచ్చిన బేస్‌ల సగటు.

చిక్కు ఇక్కడే ఉంది. నాలుగు అవకాశాల్లో నాలుగు సింగిల్స్ కొట్టినా నాలుగు బేస్‌లే. ఒకే ఒక్క హోమ్ రన్ కొట్టినా నాలుగు బేస్‌లే. స్లగ్గింగ్ శాతం రెంటికీ 1.000. అంటే తరచుగా కొట్టడం, గట్టిగా కొట్టడం ఈ అంకెలో కలిసిపోతున్నాయి.

వాటిని విడదీయడానికి ఒక్క తీసివేత చాలు. స్లగ్గింగ్ శాతం నుంచి బ్యాటింగ్ సగటును తీసేస్తే మిగిలేదే ‘ఐసోలేటెడ్ పవర్’. జట్ల నిర్వాహకుడు బ్రాంచ్ రిక్కీ, గణాంక నిపుణుడు అలెన్ రాత్‌తో కలిసి రూపొందించిన ఇలాంటి కొలతను 1954లో ‘లైఫ్’ పత్రికలో వివరించాడు. ఈ లెక్కలో సింగిల్‌కు సున్నా, డబుల్‌కు 1, ట్రిపుల్‌కు 2, హోమ్ రన్‌కు 3 వస్తాయి.

సుజుకి ఆ ఏడాది 704 ఎట్-బ్యాట్‌లలో 24 డబుల్స్, 5 ట్రిపుల్స్, 8 హోమ్ రన్‌లు కొట్టాడు. అంటే 58 అదనపు బేస్‌లు. ఫలితం 0.082. గాలో 498 ఎట్-బ్యాట్‌లలో 13 డబుల్స్, 1 ట్రిపుల్, 38 హోమ్ రన్‌లతో 129 అదనపు బేస్‌లు తెచ్చాడు. ఫలితం 0.259, అంటే సుజుకి కన్నా మూడు రెట్లకు పైగా. 2022లో 62 హోమ్ రన్‌లు కొట్టిన ఆరన్ జడ్జ్‌కు ఇదే అంకె 0.375.

అయితే ఇది కూడా దెబ్బ ఫలితాన్నే కొలుస్తుంది, దెబ్బను కాదు. కాళ్లలో వేగం ఉన్నవాడు సింగిల్‌ను డబుల్‌గా మార్చుకోగలడు. సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో గాలి పలుచన కాబట్టి బంతి మరింత దూరం వెళ్తుంది. బాస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో ఎడమవైపు 11 మీటర్ల ఎత్తైన గోడ ఉంది. వేరేచోట హోమ్ రన్ అయ్యే బంతి అక్కడ గోడకు తగిలి ఆగిపోవచ్చు.

అందుకే 2015 నుంచి లీగ్ మైదానాలన్నింటిలో ‘స్టాట్‌కాస్ట్’ వ్యవస్థ బంతి బ్యాట్‌ను వీడిన క్షణంలో దాని వేగాన్ని, కోణాన్ని కొలుస్తోంది. గంటకు 153 కిలోమీటర్లు దాటితే గట్టి దెబ్బ కిందే లెక్క. గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేగం 10 శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరుగుతుంది. కానీ ఎంత వేగంగా కొట్టినా బంతి నేలబారుగా వెళ్తే హోమ్ రన్ రాదు. కాబట్టి వేగం కొలత వచ్చినా తీసివేత లెక్కకు పని పోలేదు. ఒకటి ఆటగాడిలో ఉన్న బలాన్ని చెబుతుంది, రెండోది ఆ బలం ఆటలో ఎంత పనికొచ్చిందో చెబుతుంది.

ఆటగాళ్ల ఎంపిక, లక్షల డాలర్ల ఒప్పందాలు ఇలాంటి అంకెల మీద ఆధారపడతాయి. అందుకే ఏ అంకె దేన్ని కొలుస్తుందో తెలియడం ముఖ్యం. బలం తక్కువంటే విలువ తక్కువని కాదు. 0.082తో ఆ సీజన్ ముగించిన సుజుకి 2025లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.