బెర్గెన్ నగరపు వాగ్గేయకారుడు

పదమును తానే అల్లి, బాణీని తానే కట్టి, తన కంఠముననే పలికించువానిని మనము వాగ్గేయకారుడందుము. క్షేత్రయ్యను, త్యాగరాజును ఎరిగిన మనకు ఈ మాటను విశదీకరింప నక్కరలేదు. పశ్చిమదేశముల జనరంజక సంగీతమునను ఇట్టివారు కలరు. వారిలో రావలసినంత పేరు రానివాడని నేను తలచునది నార్వే దేశస్థుడగు సోండ్రె లెర్కెను.

నార్వే పశ్చిమ తీరమున, ఏడు కొండల నడుమ, తరచుగా వానలలో తడియు రేవుపట్టణము బెర్గెన్. సంగీతకర్త గ్రీగ్ 1843లో జన్మించినది ఆ ఊరిలోనే. అచ్చటనే 1982లో లెర్కె పుట్టినాడు. 'లెర్కె' అను ధ్వనికి ఆ దేశభాషలో భరతపక్షి యని అర్థము, ఇంటిపేరు సార్థకమైనది. పదునాలుగేండ్ల ప్రాయముననే ఇతడు పాటలు కట్టసాగినాడు.

ఇచ్చట ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి కలదు. హెచ్. పి. గుండెర్సన్ అను సంగీతనిర్మాత ఈ బాలుని చేరదీసి, బ్రెజిల్ దేశపు పాటలను, గడచిన తరముల ప్రయోగగీతములను పరిచయము చేసినాడు. చలిదేశపు బాలుని చెవిని ఉష్ణదేశపు లయ సోకినది. ఆ విత్తనమే తరువాతి పాటలలో మొలకెత్తినది. తొలి సంపుటి 'ఫేసెస్ డౌన్' విద్యార్థిదశలోనే సిద్ధమైనను, చదువు ముగియువరకు ఆపి, 2001లో విడుదల చేసిరి. నార్వేలో గొప్పదిగా ఎంచబడు స్పెల్లెమాన్ బహుమతి నూతన కళాకారునిగా ఇతనికి లభించినది. అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు.

అంతటి ఆరంభము గలవాడు ఇతర దేశములలో ఇంటింట వినబడు పేరు ఏల కాలేదు? గెలిచిన బాటను రెండవమారు త్రొక్కకపోవుటయే కారణమని నాకు తోచును. 2004 నాటి 'టూ వే మోనొలాగ్' తంత్రీవాద్యముల సొంపుతో సాగును. 2006 నాటి 'డూపర్ సెషన్స్' జాజ్ బాణీని చేపట్టినది. మరుసటి యేడే 'ఫాంటమ్ పంచ్'లో విద్యుత్ గిటార్లు ఘోషించినవి. అదే 2007లో 'డాన్ ఇన్ రియల్ లైఫ్' అను అమెరికా చలనచిత్రమునకు పాటలు సమకూర్చినాడు. అంగడికి ఒకే ముద్ర గల సరుకు కావలెను. ఇతడు ఏ ముద్రకును లొంగలేదు.

దోషములు లేవనను. ఒక్కొక్కచో మాటలు బాణీలో ఇమడక క్రిక్కిరియును. తొలిసారి తేలికగా తోచిన వరుస మలిసారి ఊహింపని స్వరమేళమువైపు మరలి, వినువానిని తికమకపెట్టును. పదిమార్లు విన్న పిమ్మట గాని, ఆ మలుపు లేనిదే ఆ పాట లేదని తెలియదు. 2014లో వెలువడిన 'ప్లీజ్' సంపుటి దాంపత్యము విడివడిన వేళ పుట్టినది. కన్నీటి పాటలకై ఎదురు చూచిన శ్రోతకు అందు నృత్యలయ వినబడును. వేదన ఆ లయ అడుగుననే యున్నది.

ఏండ్ల తరబడి అమెరికాలో నివసించి, 2020లో స్వదేశమునకు మరలినాడు. 2022లో 'అవతార్స్ ఆఫ్ లవ్' అను జంట సంపుటిని వెలువరించినాడు. మన 'అవతార' శబ్దము ఆ పేరున నిలుచుట సంతోషము. రూపములు మార్చుచు వచ్చిన ఈ కవికి ఆ మాట చక్కగా నప్పినది. అందు పది నిమిషములు సాగు గీతమును కలదు. క్షణములలో విసుగు చెందు ఈ కాలమున శ్రోతను అంతసేపు కూర్చుండబెట్ట బూనుట సాహసమే.

మన తరగతులలోను ఇట్టి విద్యార్థి యొకడుండును. ఒకసారి మెప్పు పొందిన వ్యాసమును వాడు మరల వ్రాయడు. ప్రతిసారి క్రొత్త త్రోవ వెదకును. అందువలన వానికి ప్రథమస్థానము తప్పిపోవుటయు కలదు. లెర్కె పాట విన్నపుడెల్ల నాకు ఆ విద్యార్థి జ్ఞప్తికి వచ్చును. వాని పుస్తకమును మరియొకమారు తెరచి చూడవలెననిపించును.