మూడు పనుల పొయ్యి

గ్యాసు బండ వచ్చినా చలికాలంలో కట్టెల పొయ్యి ఆరడం లేదు. దాని పొగను తగ్గించాలంటే ముందు అది ఎందుకు వెలుగుతోందో తెలుసుకోవాలి.

కార్తికం దాటాక పాడేరు, చింతపల్లి కొండపల్లెల్లోనో, సిర్పూర్, జైనూర్ వైపు గూడేల్లోనో తెల్లవారుజామున చూడండి. పెంకుల సందుల్లోంచి వచ్చిన పొగ పైకి పోదు. ఇంటికప్పుల ఎత్తులోనే అడ్డంగా పరుచుకుంటుంది. రాత్రంతా చల్లబడిన నేల తనను ఆనుకున్న గాలినీ చల్లబరుస్తుంది. ఆ పైన కాస్త వెచ్చటి గాలి పొర మూతలా నిలుస్తుంది. ఎండ బాగా ఎక్కేదాకా ఆ మూత తొలగదు. వేసవిలో ఇట్టే పోయే పొగ ఇప్పుడు ఊరి మీదే ఉండిపోతుంది.

దీనికి తోడు చలికి తలుపులు, కిటికీలు మూస్తాం. వానల్లో నానిన కట్టె ఇంకా ఆరదు. పొయ్యి వెలిగే గంటలు పెరుగుతాయి. చలికాలపు పొయ్యి చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

బండ ఉన్నా కట్టె ఎందుకు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024లో అర్హులైనవారికి ఆంధ్రప్రదేశ్ ఏటా మూడు సిలిండర్లు ఉచితమంది, తెలంగాణ 500 రూపాయలకే సిలిండరంది. అయినా చాలా ఇళ్లలో బండ ఒక మూల, పొయ్యి ఒక మూల. దీన్ని పాత అలవాటనో, కట్టెల మీది కూర రుచనో కొట్టిపారేస్తుంటారు. సంగతి అది కాదు. చలికాలంలో పొయ్యి మూడు పనులు చేస్తుంది. వంట చేస్తుంది, స్నానాలకు నీళ్లు కాస్తుంది, ఇంటిల్లిపాదికీ వెచ్చదనమిస్తుంది. వీటిలో గ్యాసు తీర్చేది మొదటిదే. కాగెడు నీళ్లు గ్యాసు మీద పెట్టడానికి ఏ ఇల్లాలికీ చెయ్యి రాదు. తాతయ్య చలి కాచుకోవడానికి గ్యాసు మంట అక్కరకు రాదు.

ఆ వెచ్చదనానికి చెల్లిస్తున్న ధర ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లోని 420 ఇళ్లలో గాలిని కొలిచిన అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. గ్యాసు వాడే ఇళ్లలో ఊపిరితిత్తుల్లోకి చేరగల నుసి ఘనపు మీటరుకు సగటున 73 మైక్రోగ్రాములుంటే, కట్టె, పిడక వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. అందరికన్నా ఎక్కువ పొగ పీల్చేది వంట చేసే ఆడవాళ్లే. మగవాళ్లలో మాత్రం ఎక్కువ పీల్చేది 65 దాటిన పెద్దలని తేలింది. ఇంటిపట్టున ఉండేది వాళ్లే కదా.

పొగంటే కాలని కట్టె

అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో సుమారు సగం బరువు నీరే. కిలో కట్టెలోని ఆ అర లీటరు నీరు ఆవిరి కావడానికి తినే వేడితో నాలుగు లీటర్ల చన్నీళ్లు మరగబెట్టుకోవచ్చు. వేడంతా అక్కడే పోతే కట్టెలోంచి వచ్చే వాయువులు అంటుకోవు. అవే పొగగా బయటికొస్తాయి. అంటే పొగ కళ్లను మండించడమే కాదు, కట్టెనూ దండగ చేస్తుంది.

కాబట్టి చలికాలపు పొయ్యికి మందు ఎండాకాలంలోనే వేయాలి. వేసవిలోనే కట్టె చీల్చి, నేలకు తగలకుండా, పైన కప్పు ఉండి పక్కల గాలి ఆడేలా పేర్చాలి. ఎండిన కట్టెలు రెండు కొట్టి చూస్తే ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా మోగుతాయి. కోసిన చివర పగుళ్లు రావడం, బెరడు ఊడిపోవడం మరో గుర్తు. ఇప్పటికే తడికట్టె మిగిలితే, మర్నాటి కట్టెను పొయ్యి పక్కన, మంట అందని దూరంలో ఆరబెట్టాలి. కందికంపతోనో చిదుగులతోనో మంట బాగా లేచాకే మొద్దు పెట్టాలి. పొయ్యి నిండా కట్టె కుక్కితే గాలికి చోటుండదు. బూడిద పేరుకున్నా అంతే. ఊదుగొట్టంతో పదేపదే ఊదాల్సి వస్తోందంటే కట్టె తడిదైనా అయి ఉండాలి, గాలి అందకపోయైనా ఉండాలి.

పొగగొట్టం ఉన్న పొయ్యిది మరో చిక్కు. రాత్రంతా చల్లబడిన గొట్టంలో గాలి బరువుగా ఉండి, పొద్దున్నే పొగ వంటింట్లోకే ఎదురు తన్నుతుంది. గుప్పెడు ఎండుగడ్డి వెలిగించి గొట్టం మొదట్లో పెడితే అది వేడెక్కి పొగను లాగుతుంది. తడికట్టె కాల్చే కొద్దీ గొట్టం లోపల జిగట మసి కడుతుంది. తీయకపోతే అదే ఒకనాడు అంటుకుంటుంది. పూరిల్లయితే ఇక చెప్పేదేముంది!

పొగ కన్నా ప్రమాదం నిప్పులది. మంట ఆగాక ఎర్రటి నిప్పులను కుంపట్లోకి తీసి, గదిలో పెట్టి, తలుపేసుకుని పడుకునేవాళ్లున్నారు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నెత్తురులో ప్రాణవాయువు చోటును అదే ఆక్రమిస్తుంది. తలనొప్పి, మగత కమ్మేసరికి లేచి తలుపు తీసే ఓపిక ఉండదు. కుంపటి వసారాలో ఉండాలి. పడుకునే గదిలో అసలే వద్దు.

గొట్టం పెట్టి వెళ్లిపోతే చాలదు

పొగలేని పొయ్యి ఆలోచనలో హైదరాబాద్‌కు పెద్ద వాటా ఉంది. ఇక్కడి ఇంజినీరింగ్ పరిశోధనశాల డైరెక్టర్ ఎస్.పి.రాజు మట్టితో కట్టుకునే గొట్టపు పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద ఇంగ్లిషులో పుస్తకమే వేశారు. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, రెండు దశాబ్దాల లోపే వదిలేసింది. ఆ తర్వాత ఒడిశా పల్లెల్లో మెరుగైన పొయ్యిలు ఇచ్చి, నాలుగేళ్లదాకా వాటిని గమనించిన పరిశోధకుల్లో 2019 నోబెల్ గ్రహీత ఎస్తేర్ డఫ్లో ఒకరు. మొదటి ఏడాది ఇంటివాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ మేలు మిగల్లేదు. సరిగా వాడలేదు, పగిలినవి మెత్తలేదు, గొట్టాలు దులపలేదు.

ఇప్పుడు అంతా సిలిండర్ల లెక్కే. ఆ లెక్కలో వంట ఒక్కటే ఉంది, వేణ్నీళ్లు లేవు, చలి లేదు. మూడు పనులనూ విడదీసి చూస్తే దారి దొరుకుతుంది. వంట గ్యాసు మీదికి మార్చాలి. నీళ్ల కాగును వంటింట్లోంచి పెరట్లోకి తేవాలి. చలికాచుకోవడానికి తలుపులు తీసిన వసారాలో ఎండుకట్టె చాలు. సాయం చేసే సర్కారు కూడా బండతోపాటు కట్టె ఆరబెట్టుకునే చిన్న పందిరికి, ఏడాదికోసారి వచ్చి గొట్టం దులిపి పొయ్యి మెత్తే మనిషికి నాలుగు రూపాయలు కేటాయించాలి. కొండమీది ఇల్లాలి దగ్గు తగ్గేది ఈ చిన్న ఖర్చులతోనే.